రేకు తీయకుంటే బొమ్మ పడదు... వేయకుంటే పడిన బొమ్మ దక్కదు!

చెరువు తూముకు పలక ఎంత ముఖ్యమో రైతుకు వేరే చెప్పనక్కరలేదు. పలక దించితే నీరు ఆగుతుంది, ఎత్తితే మడికి పారుతుంది. ఎప్పుడు దించాలో, ఎప్పుడు ఎత్తాలో తెలియనివాడి చేతికి తూము అప్పగిస్తే ఉన్న నీరు కాస్తా ఏటిపాలవుతుంది. ఫిల్ము వేసి ఫొటోలు తీసే పెద్ద కెమేరాలలో అచ్చం ఇలాంటి పలకే ఒకటుంది. అది ఆపేది నీటిని కాదు, వెలుగును. దాని పేరు డార్క్ స్లైడ్. తెలుగులో చీకటి రేకు అనుకోవచ్చు.

అరచేతిలో ఇమిడేంత ఉక్కు రేకు ఇది. పోస్టుకార్డంత మందం ఉంటుంది. ఒక అంచున పట్టుకోవడానికి చిన్న పిడి. ఇంతకు మించి దీనికి మరలు లేవు, తీగలు లేవు. అయినా పెళ్లిలో జీలకర్ర బెల్లం పెట్టే ఘడియ కావచ్చు, పట్నం వెళ్లిపోయే కొడుకుతో తల్లిదండ్రులు దిగిన ఫొటో కావచ్చు, అది మిగలడమా మిగలకపోవడమా అన్నది ఒక్కోసారి ఈ రేకు మీదే ఆధారపడుతుంది.

ఫోన్లతోనే ఫొటోలు తీసుకుంటున్న ఈ రోజుల్లో దీనితో పనేమిటని ఎవరైనా అడగవచ్చు. పని ఉంది. ఫిల్ము కెమేరాల మీద మోజు పడి పాతవాటిని వెతికి కొంటున్న యువకులు ఇప్పుడు అక్కడక్కడా కనిపిస్తున్నారు. మరోపక్క, మూతపడిన స్టూడియోల బీరువాలలో, ఇళ్ల అటకల మీద పాత కెమేరాలు పడి ఉన్నాయి. వాటిలో కొన్నింటిలో కడగని ఫిల్ము ఇంకా ఉండవచ్చు. తెలియక ఈ రేకును లాగితే ఏళ్ల తరబడి దాగి ఉన్న బొమ్మలు రెప్పపాటులో తుడిచిపెట్టుకుపోతాయి.

ఏ కెమేరాకు ఉంటుంది?

ముందుగా తెలుసుకోవలసింది, ఈ రేకు అన్ని కెమేరాలకూ ఉండదు. ఒకప్పుడు మన పల్లెల్లో విరివిగా కనిపించిన ఆగ్ఫా క్లిక్ త్రీకి లేదు. పైనొక లెన్సు, కిందొక లెన్సు ఉండి, పైనుంచి తొంగిచూసి ఫొటో తీసే యాషికా, రోలీఫ్లెక్స్ రెండు కళ్ల కెమేరాలకూ సాధారణంగా ఉండదు. ఆ కెమేరాలలో రీలు ఒకసారి వేస్తే అది పూర్తయ్యేదాకా కెమేరా లోపలే ఉంటుంది. వెనుక తలుపు తెరిచే పనే లేదు కాబట్టి వేరే అడ్డురేకు అవసరమూ లేదు. అందుకే ఏళ్ల తరబడి స్టూడియో నడిపినవారిలోనూ ఈ రేకును చేత్తో పట్టనివారు ఉంటారు.

రేకు అవసరమయ్యేది ఫిల్ము పెట్టె విడిగా ఊడివచ్చే కెమేరాలకు. స్వీడన్ దేశపు హాసెల్‌బ్లాడ్, జపాన్ వారి మమియా ఆర్‌బీ 67, బ్రోనికా ఈ కోవలోవి. వీటిలో ముందు లెన్సు, మధ్యన కెమేరా డొక్క, వెనుక ఫిల్ము పెట్టె ఉంటాయి. ఏ భాగానికి ఆ భాగం విడిపోతుంది. ఫిల్ము పెట్టెను మేగజైన్ అంటారు.

ఈ కెమేరాలలో వాడేది 120 రకం రీలు. కొడాక్ కంపెనీ 1901లో తన బ్రౌనీ కెమేరా కోసం తెచ్చిన రీలు ఇది. నూట ఇరవై ఏళ్లు దాటినా నేటికీ తయారవుతోంది. వెనుక నల్ల కాగితం చుట్టి ఉంటుంది. హాసెల్‌బ్లాడ్‌లో ఈ రీలు మీద చదరపు బొమ్మలు 12 పడతాయి. ఆర్‌బీ 67లో బొమ్మ కాస్త పొడవు కాబట్టి 10 మాత్రమే పడతాయి.

పన్నెండు ఫొటోలంటే పెళ్లి పందిట్లో ఎంతసేపు? మంగళస్నానాలు, గౌరీపూజ అయ్యేసరికే రీలు అయిపోతుంది. అక్కడే విడి పెట్టె సుఖం తెలుస్తుంది. రెండో పెట్టెలో రీలు ముందే ఎక్కించి సిద్ధంగా ఉంచుకుంటే, ఒకటి తీసి మరొకటి తగిలించడం కొన్ని క్షణాల పని. అంతేకాదు. ఒక పెట్టెలో రంగుల ఫిల్ము, మరో పెట్టెలో నలుపు తెలుపు ఫిల్ము వేసుకోవచ్చు. రీలు సగంలో ఉండగానే ఇది తీసి అది పెట్టి, మళ్లీ దీనికే తిరిగి రావచ్చు.

ఇక చిక్కంతా ఇక్కడే ఉంది. బొమ్మ పడడానికి పెట్టె ముందు భాగంలో కిటికీ వంటి ఖాళీ ఉంటుంది. పెట్టె కెమేరాకు తగిలి ఉన్నంతసేపు ఆ కిటికీ లోపలి చీకటిలో ఉంటుంది. ఊడదీస్తే నేరుగా ఎండకు తెరుచుకుంటుంది. ఫిల్ముకు సెకనులో నూటపాతికో వంతు వెలుగు చాలు. అలాంటిదాని మీద పట్టపగటి వెలుగు పడితే ఆ బొమ్మ బూడిదే. ఆ కిటికీకి బిగించే తలుపే డార్క్ స్లైడ్.

గాజు పలకల నాటి ఆచారం

ఇది నిన్నమొన్నటి వస్తువు కాదు. ఫిల్ము రాక ముందు ఫొటోలు గాజు పలకల మీద తీసేవారు. 1871లో ఇంగ్లండుకు చెందిన రిచర్డ్ మాడాక్స్ అనే వైద్యుడు, మందు పూసి ఆరబెట్టి ముందే దాచుకోదగిన గాజు పలకల పద్ధతిని వెల్లడించాడు. ఆ పలకలను చీకటి గదిలో కొయ్య చట్రంలో అమర్చి, ముందు భాగాన జారుడు తలుపు వేసి బయటకు తెచ్చేవారు. చట్రాన్ని కెమేరా వెనుక దోపి, తలుపు పైకి లాగి, లెన్సు మూత తీసి, లెక్కపెట్టి మూత పెట్టి, మళ్లీ తలుపు దించి పలకను చీకటి గదికి తీసుకుపోయేవారు.

తెలుగునేలకు ఈ చరిత్రతో దగ్గర సంబంధమే ఉంది. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీనదయాళ్ సికింద్రాబాదులో స్టూడియో నడిపారు. 1844లో పుట్టి 1905లో కన్నుమూసిన ఆయన కోటలు, దర్బార్లు, వేటలు, పరేడ్లు తీసింది గాజు పలకల మీదనే. ఆయన పలకలు రెండువేలకు పైగా నేటికీ ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నాయి. ఎండ మండిపోయే దక్కన్ మైదానంలో, గుర్రాల డెక్కల దుమ్ములో ఆ పలకలకు వెలుగు తగలకుండా కాపాడినవి చట్రాలూ, వాటి తలుపులే.

తరువాత పలకల స్థానంలో ఫిల్ము ముక్కలు వచ్చాయి. నల్లగుడ్డ కప్పుకుని తీసే కొయ్య కెమేరాలు స్టూడియోలలో చాలాకాలం నిలిచాయి. వాటి చట్రానికి రెండు వైపులా ఫిల్ము, రెండు వైపులా రేకు ఉండేవి. ఆ రేకు పిడికి ఒక వైపు తెలుపు, మరో వైపు నలుపు. తెలుపు బయటకు కనిపిస్తే ఫిల్ము కొత్తది. నలుపు కనిపిస్తే ఫొటో తీసేసినది. చీకట్లో కూడా తడిమి తెలుసుకునేందుకు తెల్ల వైపున చిన్న బొడిపెలు ఉండేవి. ఒకే ఫిల్ము మీద పొరపాటున రెండు కుటుంబాలు ఒకరి మీద ఒకరు పడకుండా ఆ గుర్తులే అడ్డుకునేవి.

1948లో స్వీడన్ దేశస్థుడు విక్టర్ హాసెల్‌బ్లాడ్ చేతిలో పట్టే చిన్న కెమేరాకు ఈ విడి పెట్టె ఏర్పాటును తెచ్చారు. 1957లో వచ్చిన 500 సీ రకం అన్ని దేశాల స్టూడియోలకూ పాకింది. కొయ్య తలుపు కాస్తా పలుచటి ఉక్కు రేకు అయింది. పని మాత్రం అదే.

చంద్రుని చుట్టూ తిరిగిన పెట్టె

పెట్టె మార్చగలగడం ఎంత మేలో 1968 డిసెంబరు 24న లోకానికి తెలిసింది. ఆ రోజు అపోలో 8 నౌకలో బోర్మన్, లొవెల్, ఆండర్స్ అనే ముగ్గురు అమెరికన్లు చంద్రుని చుట్టూ తిరుగుతున్నారు. నాలుగో ప్రదక్షిణంలో చంద్రుని అంచు మీదుగా నీలిరంగు భూమి పైకి వస్తూ కనిపించింది. అంతవరకూ మనిషి కంట పడని దృశ్యం అది. ఆండర్స్ చేతిలోని హాసెల్‌బ్లాడ్‌లో అప్పుడున్నది నలుపు తెలుపు ఫిల్ము. ఒక ఫొటో తీసి, రంగుల ఫిల్ము ఇమ్మని తొందరపెట్టాడు. లొవెల్ వెతికి అందించాడు. ఆండర్స్ గబగబా మార్చి, సెకనులో 250వ వంతు వేగంతో మీట నొక్కాడు. 'భూ ఉదయం'గా పేరొందిన ఆ రంగుల బొమ్మను చూడనివారు ఈనాడు అరుదు. ఒకే రీలుకు కట్టుబడిన కెమేరా అయి ఉంటే ఆ నీలం రంగు మనకు దక్కేది కాదు.

1969 నుంచి 1972 వరకు చంద్రుని మీద దిగినవారు తిరుగు ప్రయాణంలో బరువు తగ్గించుకునేందుకు పన్నెండు హాసెల్‌బ్లాడ్ కెమేరాలను అక్కడే వదిలేశారు. ఫిల్ము పెట్టెలను మాత్రం ఊడదీసి వెంట తెచ్చుకున్నారు. కెమేరా పోయినా ఫరవాలేదు, బొమ్మ పోకూడదన్నదే అందులోని నీతి.

ముందు ఏది, వెనుక ఏది?

రేకు వాడకంలో విద్య అంతా వరుసలోనే ఉంది. పెట్టె తగిలించాలంటే ముందు పెట్టె కెమేరాకు గట్టిగా పట్టిందో లేదో చూసుకోవాలి. ఆ తరువాతే రేకు లాగాలి. పెట్టె తీయాలంటే ముందు రేకు చివరిదాకా దూర్చాలి. ఆ తరువాతే పెట్టె గొళ్లెం తీయాలి. తగిలించాక తీయాలి, ఊడదీయక ముందే వేయాలి. ఈ ఒక్క మాట గుర్తుంటే సగం నష్టాలు తప్పుతాయి.

హాసెల్‌బ్లాడ్ వారు ఈ వరుస తప్పకుండా రెండు తాళాలు పెట్టారు. రేకు లోపల ఉండగా మీట నొక్కితే పడదు. రేకు బయట ఉండగా పెట్టె ఊడదు. అందుచేత పెట్టె రాకపోతే బలం చూపించకూడదు, ముందు రేకు వేసి ఉందో లేదో చూడాలి. మీట కదలకపోతే కెమేరా పాడైందని కంగారు పడకూడదు, రేకు తీశారో లేదో చూడాలి. రిపేరుకు తీసుకుపోవలసిన పని చాలాసార్లు అక్కడితోనే తప్పిపోతుంది.

మరో గుర్తు కూడా ఉంది. హాసెల్‌బ్లాడ్ పెట్టెకు, డొక్కకు చెరొక చిన్న కిటికీ ఉంటుంది. రీలు ముందుకు జరిగి, షట్టరు ఎక్కి ఉంటే తెలుపు కనిపిస్తుంది. ఫొటో తీసేసి ఉంటే ఎరుపు. రెండింటి రంగూ ఒకటిగా ఉన్నప్పుడే పెట్టె తగిలించాలి. ఒకటి ఎరుపు, ఒకటి తెలుపుగా ఉండగా తగిలిస్తే ఒక బొమ్మ మీద మరో బొమ్మ పడవచ్చు, లేదా ఒక గడి ఖాళీగా పోవచ్చు.

అదే చిక్కును తెలివిగా వాడుకున్నవారూ ఉన్నారు. ఒక ఫొటో తీసి, రేకు వేసి, పెట్టె ఊడదీసి, డొక్కకు మాత్రం కీ ఇచ్చి, మళ్లీ పెట్టె తగిలించి రేకు తీస్తే, రీలు జరగకుండానే రెండో ఫొటో అదే గడి మీద పడుతుంది. చీకటి నేపథ్యంలో ఒకే మనిషిని రెండుచోట్ల కూర్చోబెట్టే వేడుక ఫొటోలు ఇలా తీయవచ్చు.

అన్ని కెమేరాలకూ ఈ తాళాలు ఉంటాయనుకుంటే పొరపాటు. కొయ్య కెమేరాలకు అసలే ఉండవు. రేకు వేసి ఉన్నా మీట టక్కున పడుతుంది. ఫొటో వచ్చిందనే అనుకుంటారు. ఫిల్ము కడిగిన రోజు గానీ అక్కడ ఏమీ లేదని తెలియదు. అప్పటికి పెళ్లికూతురు అత్తవారింట ఉంటుంది.

మూడు తప్పులు

రేకు విషయంలో సాధారణంగా జరిగే తప్పులు మూడు. మొదటిది, తీయడం మరచిపోవడం. తాళం ఉన్న కెమేరాలో ఫిల్ము దక్కుతుంది గానీ సమయం దక్కదు. తాళి కట్టే వేళ మీట పడక, 'ఏమైంది, ఏమైంది' అని తడుముకునేలోగా మూడు ముళ్లూ పడిపోతాయి. కాబట్టి సందర్భం రాకముందే, వాయిద్యాలు గట్టి మేళం అందుకోక ముందే రేకు తీసి సిద్ధంగా ఉండడం మేలు.

రెండోది, సగమే తీయడం. కొన్ని కెమేరాలలో రేకు కొంచెం బయటకు రాగానే తాళం వదిలేస్తుంది. మీట పడుతుంది. కానీ రేకు అడ్డున్నంత మేర వెలుగు పడదు. ఫిల్ము మీద ఆ భాగం తెల్లగా, అంటే అద్దంలా ఖాళీగా ఉంటుంది. కాగితం మీద నల్లగా వస్తుంది. వరుసగా నిలబడిన బంధువుల్లో ఒక పక్కవారంతా నల్లటి పట్టీలో మాయమవుతారు. రేకు తీస్తే పూర్తిగా తీయాలి, వేస్తే పూర్తిగా వేయాలి. నడిమి రకం పనికిరాదు.

మూడోది, వంకరగా దూర్చడం. రేకు పోయే సన్నని గాడి లోపల వెలుగు రాకుండా నురుగు పట్టీ, పలుచటి పొర అమర్చి ఉంటాయి. రేకు బయటకు వచ్చినప్పుడు అవి మూసుకుని గాడిని కప్పేస్తాయి. రేకు మూల ముందుగా దూరేలా ఏటవాలుగా పెడితే ఆ మూల పట్టీని తెరుస్తుంది. మిగతా గాడి తెరుచుకుని ఉంటుంది. ఆ సందులోంచి ఎండ దూరుతుంది. రేకును రెండు అంచులూ సమానంగా గాడికి ఆనించి, ఒక్క ఊపున, బలం లేకుండా తోయాలి. ఎండలో ఉంటే కెమేరాను మన నీడలోకి తిప్పుకుని ఈ పని చేయాలి. గొడుగు నీడైనా చాలు.

ఫిల్ముకు వెలుగు తగిలిందో, అడ్డు పడిందో గుర్తుపట్టడం సులభమే. అడ్డు పడితే ఫొటోలో నలుపు. వెలుగు దూరితే ఫిల్ము మాడిపోయినట్టు నల్లబడి, ఫొటోలో తెల్లటి పొగలా, చారలా వస్తుంది. ఆ తెల్ల చార ఎప్పుడూ ఒకే అంచున, రేకు గాడి ఉన్న వైపునే వస్తుంటే పట్టీ అరిగిందని అర్థం. పట్టీ మార్చడం పెద్ద ఖర్చు పని కాదు. చేయి తిరిగిన రిపేరుదారు నురుగు ముక్క, పొర ముక్క కత్తిరించి కొత్తది వేయగలడు. మార్చేదాకా రేకు తీసిన వెంటనే గాడి మీద నల్లగుడ్డ కప్పుకుంటే గండం గడుస్తుంది.

తీసిన రేకు ఎక్కడ పెట్టాలి?

వినడానికి చిన్న ప్రశ్నే. కానీ పందిట్లో రేకు పోగొట్టుకున్నవారికి దాని బరువు తెలుస్తుంది. రేకు లేకపోతే ఫిల్ము పెట్టెను మధ్యలో మార్చలేరు. తాళం ఉన్న కెమేరాలలో అయితే పెట్టె ఊడనే ఊడదు. రేకు అంటే మూత మాత్రమే కాదు, తాళంచెవి కూడా.

చాలామంది చేసే పని పళ్ల మధ్య పట్టుకోవడం. రెండు చేతులూ కెమేరా మీద ఉంటాయి గనుక నోరే దిక్కవుతుంది. ఇది మంచి అలవాటు కాదు. ఉమ్మి తడి రేకుకు అంటి, గాడిలోకి పోయి, లోపలి పట్టీని పాడుచేస్తుంది. వక్కపొడి వేసుకున్న నోరైతే ఇక చెప్పనక్కరలేదు.

ప్యాంటు వెనుక జేబులో పెడితే కూర్చున్నప్పుడు వంగుతుంది. వంగిన రేకు గాడిలో పట్టదు, పట్టినా పట్టీని గీరుతుంది. చిల్లర నాణేలు, తాళాలు ఉన్న జేబులో వేస్తే గీతలు పడతాయి. జేబు అడుగున ఉండే నూగు, పొడి రేకుకు అంటి పెట్టె లోపలికి పోతాయి. ఫొటో పడే వేళ ఫిల్ము మీద దుమ్ము కూర్చుంటే అక్కడ వెలుగు పడదు, ముఖాల మీద నల్ల చుక్కలు వస్తాయి. ఇసుక రేణువు పడితే రీలు జరిగినప్పుడల్లా పొడుగునా గీత పడుతుంది.

మేలైన చోటు చొక్కా పై జేబు. అదీ వేరే ఏమీ లేని జేబు. రేకు పట్టేంత మెత్తటి బట్ట సంచి కుట్టించి అందులో పెడితే ఇంకా మంచిది. తరువాతి కాలంలో వచ్చిన హాసెల్‌బ్లాడ్ పెట్టెలకు వెనుక భాగంలోనే రేకు దోపుకునే అర ఒకటి అమర్చారు. పాత పెట్టెలకు అతికించుకునే అరలూ దొరుకుతాయి. ఏ చోటైనా సరే, రోజూ అదే చోటు కావాలి. ఈ రోజు జేబు, రేపు సంచి, ఎల్లుండి కుర్చీ మీద అంటే రేకు పోయినట్టే. ఇంటి తాళంచెవికి గోడ మేకు ఎలాగో రేకుకు ఆ చోటు అలాగ.

పోతే, ఎండ లెన్సు మీద పడి ఫొటో వెలిసినట్టు వస్తుందనుకున్నప్పుడు తీసిన రేకును లెన్సుకు పైన చూరులా పట్టుకునేవారూ ఉన్నారు. అది మంచి ఉపాయమే. రేకు అంచు బొమ్మలోకి రాకుండా చూసుకుంటే చాలు.

రేకు పోతే అదే కంపెనీ, అదే సైజు రేకు మరొకటి సంపాదించుకోవాలి. రేకు డబ్బా కత్తిరించి పని జరిపించుకుందామంటే దాని పదునైన అంచులు లోపలి పట్టీని చీల్చేస్తాయి. కాసు బేరానికి పోతే వరహా నష్టం వచ్చినట్టు ఉంటుంది.

దాచేటప్పుడు జాగ్రత్తలు

కెమేరాను సంచిలో వేసి ఊరికి వెళ్లేటప్పుడు రేకు వేసి ఉంచడం మంచిది. దారిలో బస్సు కుదుపులకు మీట పడిపోయి ఫిల్ము వృథా కాదు, గాడిలోంచి వెలుగు దూరదు. చేరిన వెంటనే తీయడం మాత్రం మరచిపోకూడదు.

రీలు లేకుండా నెలల తరబడి మూలన పెట్టేటప్పుడు పద్ధతి వేరు. అప్పుడు రేకు బయటకు తీసి విడిగా దాచాలి. రేకు లోపలే ఉంటే నురుగు పట్టీ నిత్యం నొక్కుకుపోయి, కొన్నాళ్లకు పొంగే గుణం పోగొట్టుకుంటుంది. తరువాత రేకు తీసినా గాడి మూసుకోదు. తీసిన రేకును ఆ పెట్టెతోనే ఒక కాగితపు కవరులో ఉంచితే వెతుకులాట ఉండదు. పెట్టెలు ఎక్కువ ఉన్నవారు ఏ రేకు ఏ పెట్టెదో అంకె వేసుకోవాలి.

రేకును పొడి మెత్తని గుడ్డతో తుడవాలి. నూనె రాయకూడదు. నూనె దుమ్మును పట్టి, అది ఫిల్ముకు అంటుతుంది. అద్దం మీద పరచి చూస్తే రేకు వంగిందో లేదో ఇట్టే తెలుస్తుంది. వంగితే సుత్తితో కొట్టి సరిచేయాలని చూడక, మార్చుకోవడమే నయం.

మన తీరప్రాంతపు ఉక్కకు, వానకాలపు తేమకు లెన్సుకు బూజు పడుతుంది, పట్టీలు జిగటగా మారతాయి. తోలు సంచిలో మూసి పెట్టకుండా, గాలి తగిలే పొడి చోట ఉంచి, నెలకోసారి బయటకు తీసి ఆడించాలి. బట్టల బీరువాలో కలరా ఉండల పక్కన ఫిల్ము ఉన్న పెట్టెను పెట్టకూడదు. ఆ ఆవిరి ఫిల్ముకు పడదు. వేసవి ఎండలో కారులో వదిలినా అంతే.

అటక మీద దొరికితే లాగకండి!

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇది. తాతగారిదో, తండ్రిదో, పాత స్టూడియో సామానులోదో ఇలాంటి కెమేరా దొరికితే పిల్లలు మొదట పట్టుకునేది ఆ రేకు పిడినే. లాగితే వస్తుంది కాబట్టి లాగుతారు. విడిగా ఉన్న పెట్టెలో ఫిల్ము ఉంటే, అక్కడ పడి ఉన్న బొమ్మ ఆ క్షణంలో పోతుంది.

ఇన్నేళ్లయ్యాక అందులో ఇంకేముంటుందని తీసిపారేయనక్కరలేదు. 1897లో ముగ్గురు స్వీడన్ సాహసికులు బెలూనులో ఉత్తర ధ్రువానికి బయలుదేరి మంచులో ప్రాణాలు వదిలారు. ఆండ్రే వారి నాయకుడు. 1930లో ఒక దీవిలో వారి సామాను, దానితోపాటు ఫిల్ములు దొరికాయి. 33 ఏళ్లు మంచు కింద ఉన్న ఆ ఫిల్మును కడిగితే 240 గడులలో 93 బొమ్మలు తేలాయి. మంచు మీద ఒరిగిపోయిన బెలూను, దాని పక్కన నిలబడి చూస్తున్న మనుషులు కళ్లకు కట్టారు. మన ఎండలకు ఫిల్ము అంతకాలం నిలవకపోవచ్చు. అయినా ఆశ వదలకూడదు.

అలాంటి పెట్టె దొరికితే చేయవలసింది ఇంతే. రేకు వేసి ఉంటే అలాగే ఉంచాలి. వెనుక మూత తెరవకూడదు. పెట్టె కెమేరాకు తగిలి ఉండి, రేకు లేకపోతే పెట్టెను పీకే ప్రయత్నం చేయకూడదు. నల్లగుడ్డలో చుట్టి, ఫిల్ము కడగడం తెలిసినవారికి అప్పగించాలి. వారు రీలును చివరిదాకా చుట్టి, నల్ల కాగితం కప్పుకున్నాకనో, పూర్తి చీకటిలోనో బయటకు తీస్తారు.

పాత ఊరు, పడగొట్టిన ఇల్లు, పోయిన పెద్దల ముఖాలు ఆ పెట్టెలో ఉన్నాయేమో ఎవరు చూడవచ్చారు? తేలేదాకా ఆ రేకును కదపకుండా ఉంచడమే ఇంట్లోవారు చేయగల మేలు.